తద్దినం ఏ రోజు పెట్టాలి, ఎలా పెట్టాలి: తిథి లెక్క నుంచి పిండం దాకా

పోయాక మనిషిలో ఏదైనా మిగులుతుందా అని తద్దినం చర్చ పెట్టదు. మిగిలిందనే లెక్కతో పని మొదలుపెడుతుంది. పేరు పెట్టి పిలుస్తుంది, కాళ్లు కడుగుతుంది, అన్నం వడ్డిస్తుంది, సాగనంపుతుంది. గట్టిగా నమ్మేవాళ్లూ, సగం నమ్మేవాళ్లూ, అమ్మ మాట కాదనలేక కూర్చునేవాళ్లూ చేసే పని ఒకటే. ఆ పనిలో మంత్రం తప్పడం తక్కువ, ఎందుకంటే అది పురోహితుడు చూసుకుంటాడు. తేదీ, పేర్లు, గోత్రం, వంట ఇంటివాళ్ల మీద ఉంటాయి. పొరపాట్లన్నీ అక్కడే జరుగుతాయి కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం.

ఎవరిని పిలుస్తున్నాం

సపిండీకరణం అయ్యేదాకా ఆ మనిషి ప్రేతం. పన్నెండో రోజున సాధారణంగా చేసే సపిండీకరణంలో ప్రేతపిండాన్ని మూడు భాగాలు చేసి, అంతకు ముందు తరాలవారి మూడు పిండాల్లో కలుపుతారు. అక్కడితో ఆయన పితృదేవతల్లో చేరతాడు. తండ్రి వసు రూపం, తాత రుద్ర రూపం, ముత్తాత ఆదిత్య రూపం. కొత్తగా ఒకరు చేరితే పైనున్న నాలుగో తరం పేరు పిండం వరుసలోంచి తప్పుకుంటుంది. అలా తప్పుకున్న మూడు తరాలవారికి పిండాలు పెట్టాక చేతికి అంటిన మెతుకులను దర్భల మీద తుడుస్తారు. వాళ్ల భాగం అంతే, అందుకే వాళ్లను లేపభాగులంటారు. అంటే ఈ పద్ధతిలో మనిషి పేరుతో, విడిగా మిగిలేది మూడు తరాలు. ఆ తర్వాత గుంపులో కలిసిపోతాడు. ‘మా వంశంలో పదకొండు తరాల పేర్లూ చదివించండి’ అని పురోహితుణ్ణి అడిగే ఉత్సాహవంతులు ఈ లెక్క తెలుసుకుంటే మంచిది.

ఇక్కడ జరిగే తప్పులు మూడు. పెళ్లయిన స్త్రీకి భర్త గోత్రమే చెప్పాలి. అమ్మ తద్దినంలో ఆమె పుట్టింటి గోత్రం చెప్పేసేవాళ్లు తక్కువేమీ కాదు. రెండోది, అమ్మ తద్దినానికి వరుస అమ్మ, నాయనమ్మ, నాయనమ్మ అత్తగారు. అమ్మమ్మ ఆ వరుసలో రాదు. మూడోది అన్నిటికన్నా చిక్కుది. తండ్రి పోయి తాతగారు బతికే ఉంటే ఆ సంగతి పురోహితుడికి ముందే చెప్పాలి. బతికున్నవాళ్లకు పిండం పెట్టరు, వరుస మారుతుంది. పీటల మీద కూర్చున్నాక చెబితే కర్మ మధ్యలో ఆగుతుంది. ముత్తాత పేరు తెలియకపోతే భయం లేదు, అలాంటి చోట వాడే సామాన్య నామాలు ఉన్నాయి. ఊహించి ఓ పేరు పెట్టేయకండి.

పోయిన రోజే రాసుకోవాల్సినవి

ఊరు, తేదీ, గంట, నిమిషం. ఇంగ్లీషు తేదీ ఒక్కటే రాసుకుంటే చాలదు. క్యాలెండర్‌లో ఆ గడిలో ముద్రించిన తిథి సూర్యోదయానికి ఉన్న తిథి. దశమి అని ఉన్న రోజున దశమి పొద్దున 9:14కే అయిపోయి, మనిషి 11 గంటలకు పోతే అది ఏకాదశి. ఊపిరి ఆగిన వేళకు నడుస్తున్న తిథే తీసుకోవాలి. ఆసుపత్రిలో పోతే డాక్టరు నిర్ధారించిన సమయం తీసుకుంటారు. ఆ సమయానికి అటూఇటూ పావుగంటలో తిథి మారుతుంటే ఆ రోజే పురోహితుడితో తేల్చుకుని, తేల్చిన తిథిని కాగితం మీద పెట్టాలి. పదేళ్ల తర్వాత అన్నదమ్ములిద్దరూ చెరో రోజు పెట్టే పరిస్థితి ఇలాంటి చోటే మొదలవుతుంది.

తిథితో పాటు మాసం, పక్షం, అది అధికమాసమా నిజమాసమా అన్నది కూడా రాయాలి. ఏ పంచాంగం చూశారో దాని పేరు కూడా. మనకు దృక్ గణితంతో వేసే పంచాంగాలూ ఉన్నాయి, సూర్యసిద్ధాంతాన్ని అనుసరించి వేసే పూర్వపద్ధతి పంచాంగాలూ ఉన్నాయి. వీటి తిథ్యంతాల్లో కొన్ని గంటల తేడా వస్తుంది. ఏది సరైనదన్న తగాదా ఇక్కడ వద్దు. పోయిన రోజు ఏది వాడారో ప్రతి ఏడూ అదే వాడండి.

ఫోన్ యాప్‌తో ఇంకో చిక్కుంది. ఉత్తరాది లెక్కలో మాసం పున్నమికి ముగుస్తుంది, మనకు అమావాస్యకు ముగుస్తుంది. శుద్ధ పక్షంలో ఇద్దరికీ మాసం పేరు ఒకటే. బహుళ పక్షంలో మాత్రం వాళ్ల పేరు ఒక నెల ముందుంటుంది. మన భాద్రపద బహుళం వాళ్లకు ఆశ్వయుజ కృష్ణపక్షం. యాప్ సెట్టింగులో ‘అమాంత’ ఎంచుకోకపోతే బహుళంలో పోయినవాళ్ల తద్దినం నెల తప్పుతుంది.

ఈ ఏడు ఏ రోజు

తద్దినానికి సూర్యోదయ తిథి పనికిరాదు, అపరాహ్ణానికి ఉన్న తిథి కావాలి. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఉన్న సమయాన్ని అయిదుతో భాగించి, మూడు భాగాలు సూర్యోదయానికి కలిపితే అపరాహ్ణం మొదలు, నాలుగు కలిపితే ముగింపు. సూర్యోదయం 6:00, అస్తమయం 6:00 అయితే ఒక్కో భాగం 2 గంటల 24 నిమిషాలు, అపరాహ్ణం 1:12 నుంచి 3:36 వరకు. జూన్‌లో సూర్యోదయం 5:42, అస్తమయం 6:52 ఉన్న రోజున అది 1:36 నుంచి 4:14.

ఆ సమయంలో మీ తిథి ఏ రోజు ఉంటే ఆ రోజు తద్దినం. రెండు రోజులా కొంత కొంత ఉంటే ఎక్కువ సేపున్న రోజు. ఒక తిథి నిడివి సుమారు 19 నుంచి 26 గంటలకు పైదాకా మారుతుంటుంది కాబట్టి పొట్టి తిథి ఒక్కోసారి రెండు రోజుల అపరాహ్ణాలనూ తాకకుండా జారిపోతుంది. ఈ రోజు 3:40కి మొదలై రేపు 12:50కి అయిపోయిందనుకోండి, అలాంటప్పుడు సాధారణంగా ముందు రోజునే తీసుకుంటారు. రెండు రోజులా సమానంగా ఉన్నప్పుడు తిథి వృద్ధా క్షయమా, అంటే దాని నిడివి పెరుగుతోందా తరుగుతోందా అని చూసి తేలుస్తారు. ఈ రెండు సందర్భాల్లో సొంత నిర్ణయం కన్నా పురోహితుణ్ణి అడగడమే మంచిది.

ఫోన్ క్యాలెండర్‌లో ‘ప్రతి సంవత్సరం’ అని గుర్తు పెట్టుకుంటే రెండో ఏటికే తప్పుతుంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు. మామూలు ఏట తద్దినం ఇంగ్లీషు తేదీ ప్రకారం 11 రోజుల దాకా ముందే వస్తుంది, మధ్యలో అధికమాసం వస్తే 19 రోజుల దాకా ఆలస్యంగా వస్తుంది. మహాలయ అమావాస్యనే, అంటే భాద్రపద అమావాస్యనే చూడండి: 2024లో అక్టోబరు 2, 2025లో సెప్టెంబరు 21, 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో అక్టోబరు 10. ఉగాదికి కొత్త పంచాంగం చేతికి రాగానే ఇంట్లో తద్దినాలన్నిటి తేదీలూ ఒకేసారి గుర్తించి, పురోహితుడికి ఆ వారంలోనే చెప్పి ఉంచడం తేలికైన పద్ధతి.

అధికమాసం లెక్క: మామూలు శ్రావణంలో పోయినవారికి, 2023లోలా అధిక శ్రావణం వచ్చిన ఏట నిజ శ్రావణంలోనే తద్దినం. రెండింటిలోనూ చేసే కుటుంబాలూ ఉన్నాయి. అధిక శ్రావణంలోనే పోయినవారికి మామూలు ఏళ్లలో మామూలు శ్రావణంలో పెట్టి, మళ్లీ అధిక శ్రావణం వచ్చినప్పుడు అధికంలో పెడతారు.

డాలస్‌లో కొడుకు, విజయవాడలో తల్లి

తిథి అంటే చంద్రుడికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరం, 12 డిగ్రీలకు ఒకటి. ఆ క్షణానికి అది భూమంతటా ఒక్కటే. తల్లి విజయవాడలో రాత్రి 10కి పోతే డాలస్‌లో అప్పుడు, వేసవి సమయం ప్రకారం, పొద్దున 11:30. గంట మారినా తిథి మారదు. కాబట్టి పోయిన తిథిని ‘అమెరికా తిథి’లోకి మార్చే పని లేదు.

తద్దినం రోజు మాత్రం మారవచ్చు, ఎందుకంటే అపరాహ్ణం చేసేవాడు ఉన్న ఊరిది. మంగళవారం సాయంత్రం 4కి మొదలై బుధవారం సాయంత్రం 4కి ముగిసే తిథి విజయవాడలో బుధవారం వస్తుంది. డాలస్‌లో అదే తిథి మంగళవారం తెల్లవారుజామున 5:30కి మొదలై బుధవారం 5:30కి అయిపోతుంది, కనుక అక్కడ మంగళవారం. ఇండియాలో అన్నయ్య బుధవారం పెడుతున్నాడు కదా అని అదే తేదీ పట్టుకుంటే డాలస్‌లో తిథి దాటిపోతుంది. పైగా అక్కడ వేసవి పగలు పెద్దది. సూర్యోదయం 6:30, అస్తమయం 8:30 అయితే అపరాహ్ణం 2:54 నుంచి 5:42 వరకు. యాప్‌లో ఊరి పేరు మార్చి చూడండి.

వారాంతానికి జరపడం శాస్త్రంలో లేదు. సెలవు దొరకనప్పుడు ఆ రోజే చిన్న పద్ధతిలో చేయడం, శనివారానికి వాయిదా వేసి పెద్దగా చేయడం కన్నా మేలు. ఆ చిన్న పద్ధతులు కింద ఉన్నాయి.

సంబారాలు, వంట

భోక్తలు, అంటే పితరుల పేరున పిలిచి భోజనం పెట్టే బ్రాహ్మణులు ముగ్గురు, ఇంట్లో పదిమంది ఉంటే బియ్యం 2 కిలోలు, గారెలకు మినప్పప్పు అరకిలో, పెసరపప్పు పావుకిలో, నెయ్యి అరకిలో, బెల్లం అరకిలో, పాలు 2 లీటర్లు, పెరుగు 2 లీటర్లు, నువ్వుల ఉండలకు నువ్వులు పావుకిలో. కర్మకు వేరుగా నల్లనువ్వులు 100 గ్రాములు, దర్భ ఒక కట్ట, చిన్న తేనె సీసా, అక్షతలకు కాసిని బియ్యం, గంధం, తులసి, భోక్తలకు పంచెలు, దక్షిణ, అరిటాకులు ఓ పదిహేను. వేలికి పెట్టే పవిత్రం పితృకార్యానికి మూడు దర్భలతో చేస్తారు, శుభకార్యానికి రెండు. నువ్వులు నల్లవే కావాలి. మిఠాయికి తెచ్చిన పొట్టు తీసిన తెల్లనువ్వులు చేతికందాయని వాడేయకండి.

కూరల్లో అరటికాయ, కంద, చేమ, కాకర, పొట్లకాయ ఎక్కువ ఇళ్లలో నడుస్తాయి. అల్లం పచ్చడి, గారెలు, పరమాన్నం, నువ్వుల ఉండలు తప్పకుండా ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి, మునగ, క్యాబేజీ, క్యారట్, టమాటా పనికిరావు. మిరపకాయ బదులు మిరియం, కందిపప్పు బదులు పెసరపప్పు వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. ఈ జాబితా ఇంటింటికీ మారుతుంది. మీ ఇంట్లో ఇంతకాలం వండిన పెద్దావిడ ఉండగానే ఆవిడ చెప్పింది రాసుకోవడం దేనికన్నా నమ్మకమైన దారి.

వంటలో అసలు కష్టం రుచి చూడకూడకపోవడం. భోక్తలు తినేదాకా ఎవరూ నోట పెట్టకూడదు. కాబట్టి ఉప్పు చేత్తో విసరకుండా కొలిచి వేయాలి. కిలో కూరముక్కలకు రెండు టీస్పూన్లు, అంటే 10, 12 గ్రాములు వేస్తే తక్కువా కాదు, ఎక్కువా కాదు. మినప్పప్పు మూడు నాలుగు గంటలకు మించి నానితే పిండి జారి గారె నూనె తాగుతుంది. తెల్లవారుజామున 5కి నానబోసి 9కి రుబ్బుకుంటే సరిపోతుంది. రాత్రే నానబోసి ఫ్రిజ్‌లో పెట్టడం మడికీ కుదరదు, గారెకూ కుదరదు. గుమ్మంలో ముగ్గు, ఇంట్లో రోజువారీ పూజ తద్దినం అయ్యాకే.

పీటల మీద

పగటిని పదిహేను ముహూర్తాలు చేస్తే ఎనిమిదోది కుతపం. 6 నుంచి 6 వరకు పగలున్న రోజున అది 11:36 నుంచి 12:24. అప్పుడు మొదలుపెట్టి అపరాహ్ణం దాటకుండా ముగించాలి. మొత్తం పని సుమారు మూడు గంటలు. పురోహితుడికి ఆ రోజు ఇంకో రెండు ఇళ్లున్నాయంటే మీకు పొద్దున 8 గంటలు చెబుతాడు. ముందే మాట్లాడుకుంటే కుతపం వేళ దొరుకుతుంది. మహాలయ పక్షంలో, అంటే పితృకార్యాలు ఎక్కువగా జరిగే భాద్రపద బహుళ పక్షంలో ఇది మరీ కష్టం.

సంకల్పం తర్వాత వరస ఇది. భోక్తల కాళ్లు కడగడానికి విశ్వేదేవతల (పితరులతో పాటు పిలిచే దేవతల) స్థానానికి చదరపు మండలం, పితృస్థానానికి గుండ్రని మండలం. కూర్చోబెట్టడంలో విశ్వేదేవతల భోక్త తూర్పు ముఖంగా, పితృస్థానం భోక్త ఉత్తర ముఖంగా. తర్వాత అర్ఘ్యం, గంధం, వస్త్రం, అగ్నిలో అన్నాహుతులు, వడ్డన. వడ్డించిన విస్తరిని కర్త, అంటే తద్దినం పెట్టేవాడు తాకి, భోక్త బొటనవేలిని అన్నానికి తాకించి అప్పగిస్తాడు. భోజనం, ఆపైన పిండప్రదానం, దక్షిణ, ఆశీర్వచనం, భోక్తలను సాగనంపడం.

కర్త ఎక్కువగా తడబడేది జంధ్యం దగ్గర. దేవతలకు చేసేవన్నీ సవ్యం, అంటే జంధ్యం ఎడమ భుజం మీద. పితరులకు చేసేవి అపసవ్యం, కుడి భుజం మీద. పురోహితుడు మాట మాటకీ సవ్యం, అపసవ్యం అంటూనే ఉంటాడు. వినపడకపోతే ఒక గుర్తు: చేతిలో నువ్వులుంటే అపసవ్యం, అక్షతలుంటే సవ్యం. జంధ్యం లేనివారు ఉత్తరీయాన్ని అలాగే మారుస్తారు. పితరులకు నీళ్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారాలి. వేళ్ల చివరల నుంచి వదిలేది దేవతలకు. అలవాటుగా చేయి ముందుకు వంచితే పితృతర్పణం కాస్తా దేవతర్పణమవుతుంది. మణికట్టును కుడివైపుకు తిప్పితే నీళ్లు వాటంతటవే సరైన దారి పడతాయి.

భోక్తలు తినేటప్పుడు ‘కూర ఎలా ఉంది’ అని అడగరు. మౌనంగా తింటారు, కావలసింది సైగతో చూపిస్తారు. వడ్డించేవాళ్లు విస్తరిని చూస్తూ ఉండాలి, ఫోన్‌ని కాదు. చివర తృప్తి అయిందా అని మంత్రంలో అడుగుతారు, అయింది అని వాళ్లంటారు.

పిండాలకు అన్నం అదే వంటలోంచి తీయాలి, విడిగా కుక్కర్‌లో పెట్టకూడదు. అందుకని గుప్పెళ్లు ఆరేడు ముందే పక్కన ఉంచుకోండి. నెయ్యి, తేనె, నువ్వులు వేసి పిసికి మూడు ముద్దలు చేస్తారు. అన్నం పొడిపొడిగా ఉంటే పిండం దర్భల మీద విచ్చిపోతుంది, కాబట్టి ఆ భాగాన్ని కాస్త మెత్తగా, వేడి ఉండగానే పిసకాలి. దర్భల కొసలు దక్షిణానికి ఉండాలి. పిండాలు తర్వాత ఆవుకు పెట్టడమో, నీళ్లలో కలపడమో చేస్తారు. అపార్ట్‌మెంటుకు కాకులు రాకపోతే అరగంట చూసి ఆవుకు పెట్టేయవచ్చు. విదేశాల్లో చెరువులో వేస్తే జరిమానా పడే చోట్లున్నాయి. అక్కడ పెరట్లో చెట్టు మొదట్లో గుంట తీసి కప్పడమే వీలు.

భోక్తలు వెళ్లాకే ఇంటివాళ్ల భోజనం. మర్నాడు పొద్దున తర్పణం వదిలితే పని పూర్తయినట్టు. చాలామంది ఈ చివరి తర్పణం మర్చిపోయి ఆఫీసుకు వెళ్లిపోతారు.

అడ్డం వస్తే, కుదరకపోతే

తద్దినం రోజున పురుడో మైలో ఉంటే అది తీరిన రోజు పెట్టాలి. తిథి తెలియక మాసం మాత్రం తెలిస్తే ఆ మాసపు అమావాస్య నాడు. రెండూ తెలియకపోతే మహాలయ అమావాస్య. మహాలయంలో కొన్ని తిథులు ప్రత్యేకం: ముత్తయిదువగా పోయినవారికి నవమి, సన్యాసులకు ద్వాదశి, ఆయుధంతోనో ప్రమాదంలోనో పోయినవారికి చతుర్దశి. ఇవి తద్దినానికి బదులు కావు, అదనం.

వండి పెట్టే వీల్లేకపోతే ఆమశ్రాద్ధం: బియ్యం, పప్పు, కూరలు, నెయ్యి, బెల్లం స్వయంపాకంగా ఇవ్వడం. ఒకరికి రెండు పూటలకు సరిపడా అంటే బియ్యం కిలో, పప్పు పావుకిలో లెక్క. అదీ కుదరకపోతే హిరణ్యశ్రాద్ధం, భోజనానికి అయ్యే డబ్బు ఇవ్వడం. అదీ లేకపోతే నువ్వులూ నీళ్లూ. అదీ లేకపోతే ఆవుకు గుప్పెడు గడ్డి. విష్ణుపురాణం ఇంకో మెట్టు కిందికి దిగి, ఏమీ లేనివాడు చేతులు రెండూ పైకెత్తి నా దగ్గర ఏమీ లేదు, భక్తితో తృప్తి పొందండి అని చెప్పుకుంటే చాలంది. అప్పు చేసి యాభైమందికి భోజనాలు పెట్టేవాళ్లకు ఈ వరస చూపించాలి.

తెలంగాణలో ఎన్నో ఇళ్లలో విడి తద్దినం ఉండదు. భాద్రపద అమావాస్య, అంటే పెత్రమాస నాడే పెద్దలందరికీ కలిపి బియ్యం ఇస్తారు. విస్తరిలో బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, ఉప్పు, మిరపకాయలు, దక్షిణ పెట్టి, పోయినవాళ్ల పేర్లు చెప్పి అయ్యగారికో జంగమయ్యకో అందిస్తారు. పేర్ల చీటీ ముందే రాసుకుపోవాలి. గుళ్లో వరుసలో నిలబడ్డాక మేనత్త పేరు గుర్తురాక ఇంటికి ఫోన్లు చేసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ కాబట్టి ఈ పని మధ్యాహ్నానికల్లా ముగించుకుంటారు. కోస్తాలో సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెట్టి మొక్కడం కూడా ఇదే పని, మంత్రాలు లేకుండా.

ఇక గయలోనో పిఠాపురం పాదగయలోనో పిండాలు పెట్టి వచ్చాక ‘ఇంక తద్దినం అక్కర్లేదు కదా’ అని అడుగుతారు. అక్కర్లేదన్నది చాలామంది పురోహితులు ఒప్పుకోని మాట. గయాశ్రాద్ధం ఒక్కసారి చేసేది, తద్దినం ఏటేటా వచ్చేది. ఒకటి చేశామని రెండోది ఆపరు. గయ నుంచి వచ్చిన ఏడు కూడా పంచాంగంలో ఆ తిథి వెతుక్కుని, పురోహితుడికి ఫోన్ చేయాల్సిందే.